అడవి పూల నడకకు ఎలా వెళ్లాలి? శివరాత్రి నుంచి ఉగాది దాకా

పూల కోసమే అడవికి వెళ్లిన మొదటిసారి నేను చేసిన తప్పు ఒకటే. మెడ పైకెత్తుకుని నడిచాను. నల్లమలలో, మన్ననూరు దగ్గర. గైడ్‌గా వచ్చిన చెంచు పెద్దాయన అరగంట ఓపిక పట్టి, ఇక ఉండబట్టలేక, "పైకెందుకు చూస్తవు సారూ? కింద చూసి నడువు. ఏం పూసిందో రాలిన పువ్వే చెప్తది" అన్నాడు. ఆయన మాట పూర్తయిందో లేదో, రాయి తగిలి బోర్లా పడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది కానీ, ముక్కుకు జానెడు దూరంలో నారింజ రంగు మోదుగ పువ్వొకటి కనిపించింది.

అప్పటి నుంచి ఏటా ఒకసారైనా వెళ్తున్నాను. ఇద్దరు ముగ్గురు స్నేహితులు, ఒక గైడ్, మూడు గంటల నడక. ఇది పెద్ద ట్రెక్కింగ్ కాదు, కొండలెక్కే పనిలేదు. కాకపోతే ఏ వారం, ఏ పూట, ఎవరితో అన్నవి తెలియకుండా వెళ్తే ఎండు కొమ్మలు చూసి, చెమట కార్చుకుని తిరిగి రావాల్సి వస్తుంది.

ముందు మన అడవి లెక్క అర్థం చేసుకోండి

ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో ఉన్న మన పిల్లలు ఏప్రిల్, మే నెలల్లో అడవి నేలంతా పరుచుకున్న నీలి పూల ఫోటోలు పంపిస్తుంటారు. అక్కడ చెట్లు చిగురించి నీడ కమ్మకముందే, ఎండ నేలకు తగిలే ఆ కొద్ది వారాల్లో చిన్న మొక్కలు గబగబా పూసేస్తాయి. అవి చూసి మనమూ నల్లమలకు వెళ్లి నేల మీద పూల మొక్కలు వెతికితే ఏమీ దొరకవు. మన దగ్గర లెక్క తలకిందులు.

మన నేల మీది పూలకు తడి కావాలి. అందుకే తంగేడు, గునుగు లాంటివి వానలు వెనకబట్టాక, బతుకమ్మ నాటికి విరగబూస్తాయి. మాఘం వచ్చేసరికి నేల ఎండిపోతుంది, గడ్డి పసుపుబారుతుంది. అప్పుడు పూత బాధ్యత చెట్లు తీసుకుంటాయి. నీళ్లు ఆవిరైపోకుండా ఆకులు రాల్చేసి, వేళ్లు లోతు నుంచి తెచ్చుకున్నదాంతో, మానులో దాచుకున్నదాంతో మోడు కొమ్మల మీద పూస్తాయి. ఆకులు అడ్డం లేవు కాబట్టి పిట్టలకు, తేనెటీగలకు పువ్వు మైలు దూరం నుంచి కనిపిస్తుంది. ఇప్పుడు పూస్తేనే తొలకరి నాటికి గింజ ముదిరి సిద్ధంగా ఉంటుంది. అడవి ఎండిపోయి బోసిగా ఉందని మనం అనుకునే రోజులే దానికి పండగ రోజులు.

1. వారం ఎంచుకోవడం

సంక్రాంతి వెళ్లిన కొద్ది రోజులకు బూరుగ, బాడిద ఎర్రగా పూయడం మొదలుపెడతాయి. ఫిబ్రవరిలో మోదుగ, కొండగోగు అందుకుంటాయి. మార్చిలో ఊడుగ, ఇప్ప, కానుగ. ఉగాది పచ్చడికి మనం వెతుక్కునే వేపపువ్వు కూడా అప్పుడే. ఏప్రిల్‌లో పాలకొడిశ తెల్లగా, రేల పసుపుపచ్చగా మొదలవుతాయి. శేషాచలం వైపైతే ఎర్రచందనం చిన్న చిన్న పసుపు పూలు పూసేది కూడా ఏప్రిల్, మే నెలల్లోనే.

ఒక్కసారే వెళ్లగలిగితే నా ఓటు శివరాత్రి తర్వాతి రెండు వారాలకు. మోదుగ ఇంకా ఉంటుంది, కొండగోగు నిండుగా ఉంటుంది, బూరుగ చివరి పూలు రాలుతుంటాయి, అదృష్టం బాగుంటే ఇప్ప మొదలవుతుంది. అంతకంటే ముందు వెళ్తే ఎండ తక్కువ, పూలూ తక్కువ. ఉగాది దాటితే రేల కోసం తప్ప నేను ఎవరినీ రమ్మనను. తొమ్మిదికే తల మాడిపోతుంది.

ఒక ఏడాది తేదీ మరో ఏడాదికి పనికిరాదు. ఫిబ్రవరిలో ఒక్క గాలివాన పడితే మోదుగ పూలన్నీ ఒక్క రాత్రిలో నేల మీద ఉంటాయి. అందుకే సెలవు ముందే పెట్టుకున్నా, వెళ్లే వారం ముందు అక్కడివాళ్లకు ఫోన్ చేయండి. "పూలు ఉన్నాయా?" అని అడగకండి, "ఉన్నాయి సార్, రండి" అంటారు. "ఏ పువ్వు రాలుతోంది?" అని అడగండి. తెలిసినవాడైతే పేర్లు చెప్తాడు. తడబడితే గైడ్‌ను మార్చుకోవాల్సిన అవసరం ఉందని మీకు ముందే తెలిసిపోతుంది.

2. చోటు ఎంచుకోవడం

హైదరాబాద్ వాళ్లకు పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయాలంటే వికారాబాద్ పక్కన అనంతగిరి కొండలు చాలు. మూసీ పుట్టేది అక్కడే. అనంతపద్మనాభస్వామి గుడి చుట్టుపక్కల అడవి పలచగా ఉంటుంది కానీ మొదటి నడకకు, పిల్లలతో వెళ్లేవాళ్లకు అదే మంచిది. ఒక రాత్రి ఉండగలిగితే అమ్రాబాద్ టైగర్ రిజర్వులో మన్ననూరు. నగరం నుంచి సుమారు 140 కిలోమీటర్లు. ఆంధ్ర వైపు నుంచి వచ్చేవాళ్లకు ఆత్మకూరు దగ్గర బైర్లూటి, నంద్యాల దగ్గర పచ్చర్ల క్యాంపులున్నాయి. తిరుపతి వాళ్లకు తలకోన, విశాఖ వాళ్లకు కంబాలకొండ. ఉత్తర తెలంగాణ వాళ్లు ఇంత దూరం రానక్కర్లేదు. కవ్వాల్‌లో, జన్నారం పరిసరాల్లో టేకు మధ్య మోదుగ, ఇప్ప చూడటానికి రెండు కళ్లూ చాలవు.

నల్లమలలో వసంతకాలపు నడక మనం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. శివరాత్రికి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలానికి జనం అడవిలో నడిచే వెళ్తారు. ఉగాదికి కర్ణాటక భక్తులు అదే దారిన వస్తారు. ఆ దారి పొడవునా పూలుంటాయి. కానీ పూల కోసం ఆ రోజుల్లో వెళ్లొద్దు. అంత జనంలో ఆగి ఒక పువ్వును చూడటం కుదరదు. దేవుడి కోసమైతే తప్పకుండా వెళ్లండి, దారిలో పూలు ఎలాగూ కనిపిస్తాయి.

ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. టైగర్ రిజర్వు అంటే మన ఊరి పార్కు కాదు. అనుమతి ఉన్న దారుల్లో, అటవీ శాఖ ఏర్పాటు చేసిన గైడ్‌తోనే నడవాలి. కోర్ ఏరియాలో చాలా చోట్ల కాలినడకకు అసలు అనుమతి ఉండదు, వాహనంలో సఫారీయే. "లోపల మావాడున్నాడు, తీసుకెళ్తాడు" అనేవాళ్ల మాట వినకండి. ఎండలు ముదిరి మంటల భయం ఎక్కువైతే నడకలు ఆపేయడం కూడా జరుగుతుంది. అందుకే బుక్ చేసే ముందు రేంజ్ ఆఫీసులోనో, క్యాంపులోనో ఆ వారం పరిస్థితి కనుక్కోండి.

3. గైడ్‌ను కుదుర్చుకోవడం

మొత్తం నడకలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. దీనికి మీరెంత శ్రద్ధ పెడితే నడక అంత బాగుంటుంది.

ఒకసారి నగరం నుంచి ఒక బృందంతో కలిసి వెళ్లాను. గైడ్ పేరుతో వచ్చిన కుర్రాడు ఎర్రగా కనిపించిన ప్రతిదాన్నీ మోదుగే అన్నాడు. బూరుగ కింద నిలబెట్టి కూడా మోదుగే అన్నాడు. పాపం అతని తప్పు లేదు, అతనికి దారి చూపించమని చెప్పారు, చెట్లు చూపించమని చెప్పలేదు. మీకు కావాల్సింది ఆ అడవిలో పుట్టి పెరిగిన మనిషి. నల్లమలలో చెంచులు, కవ్వాల్ వైపు గోండులు, కొలాములు. పువ్వు పేరుతో పాటు దాన్ని ఎవరు తింటారు, దాని బంక ఎవరు కొంటారు, ఏ పువ్వు రాలితే ఏ జంతువు వస్తుంది అన్నది వాళ్లకు బతుకులో భాగం.

బుక్ చేసేటప్పుడే చెప్పండి: "పులి కోసం కాదు, పూల కోసం వస్తున్నాం. మెల్లగా నడుస్తాం, మధ్యలో ఆగుతాం." ఈ మాట చెప్పకపోతే గైడ్ మిమ్మల్ని వ్యూ పాయింట్ దాకా గబగబా నడిపించి వెనక్కి తెచ్చేస్తాడు. వచ్చేవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది అడిగేది అదే మరి. ఒక గైడ్‌కు ఆరుగురు మించొద్దు. ఎనిమిది మంది అయితే వెనకవాళ్లకు మాట వినపడదు, వాళ్లలో వాళ్లు మాట్లాడుకోవడం మొదలుపెడతారు, ఇక పిట్ట అన్నది కనిపించదు.

పేర్ల గురించి ఒక మాట. ఒకే చెట్టుకు ఊరికో పేరుంటుంది. కొండగోగును కొందరు అడవి బూరుగ అంటారు. పాలకొడిశనే అంకుడు అంటారు. ఏటికొప్పాక బొమ్మలు చేసే కర్ర అదే. గైడ్ చెప్పిన పేరు మీకు తెలిసిన పేరుతో కలవకపోతే సరిదిద్దకండి, రాసుకోండి.

4. సంచిలో ఏముండాలి

మనిషికి రెండు లీటర్ల నీళ్లు, స్టీలు బాటిల్‌లో. ప్లాస్టిక్ బాటిళ్లు, కవర్లు చెక్‌పోస్టులోనే ఆపేస్తారు. పూర్తి చేతుల చొక్కా, పొడవాటి ప్యాంటు, మడమ దాకా వచ్చే బూట్లు, టోపీ. రంగు మట్టి రంగో, ఆకు రంగో. సెంటు వద్దు, కారణం తర్వాత చెప్తాను. తినడానికి చిక్కీలు, అరటిపండ్లు. తొక్కలు మళ్లీ సంచిలోకే.

బైనాక్యులర్ ఉంటే నడక రెండింతలు బాగుంటుంది, ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది చాలు. కొమ్మ చివర పువ్వులో తేనెపిట్ట ముక్కు పెట్టడం ఫోన్ జూమ్‌లో పసుపు మచ్చలా కనిపిస్తుంది, అంతే. చిన్న భూతద్దం కూడా పెట్టుకోండి.

ఇంకొకటి, ఎవరూ చెప్పనిది: తెల్లటి తువ్వాలు. రాలిన పూలు దాని మీద పరిచి చూస్తే మట్టిలో కనిపించని వివరాలన్నీ కనిపిస్తాయి. పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది. చూడటం అయ్యాక దులిపి అక్కడే వదిలేయాలి.

5. పొద్దున్నే మొదలుపెట్టడం, కానీ మరీ చీకటితో కాదు

వెలుతురు బాగా వచ్చాక, అంటే ఆరుంబావు ఆరున్నరకు బయలుదేరి పదిలోపు తిరిగి రావాలి. పిట్టలు తేనె కోసం దిగేది ఆ మూడు గంటల్లోనే. కొండగోగు రేకులు కూడా ఎండ ముదిరాక వడలిపోతాయి.

అంతకంటే ముందు, చీకట్లో బయలుదేరకూడదు. ఇప్ప పూసే రోజుల్లో అయితే అస్సలు వద్దు. ఇప్పపూలు తెల్లవారుజామున రాలతాయి, వాటి కోసం ఎలుగుబంటి వస్తుంది. పులి మనిషి అలికిడికి తప్పుకుంటుంది కానీ, తిండి మీద ధ్యాసలో ఉన్న ఎలుగుబంటికి మనం దగ్గరికి వచ్చేదాకా తెలియదు. ఉలిక్కిపడి మీదికొస్తుంది.

హైదరాబాద్ నుంచి తెల్లవారుజామునే వచ్చేసి నడుద్దాం అనుకునేవాళ్లకు ఇంకో చిక్కు. మన్ననూరు చెక్‌పోస్టు నుంచి దోమలపెంట దాకా శ్రీశైలం రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. ముందురోజు సాయంత్రమే చేరుకుని నిద్రపోవడం మేలు.

6. చూడటం: కింద, మాను, పైన

ఇక అసలు పని. మూడు గంటల్లో మూడు కిలోమీటర్లు దాటితే వేగంగా నడుస్తున్నట్టు లెక్క. ప్రతి పది నిమిషాలకూ ఆగండి. ఆగినప్పుడు ముందు చెవి పెట్టండి. అడవిలో ఎక్కడైనా గోరువంకలు, చిలుకలు ఒకే చోట గొడవ చేస్తున్నాయంటే అక్కడొక చెట్టు పూసింది. తేనెటీగల హోరు వినిపించినా అంతే. ఆ వైపు కొద్దిగా వెళ్లి, నేల చూడండి. రాలిన పువ్వు దొరికాక మాను చూడండి. ఆ తర్వాతే తల ఎత్తండి. ఈ వరుసలో చూస్తే చెట్టు మొత్తం గుర్తుండిపోతుంది. నేరుగా పైకి చూస్తే రంగు మాత్రమే గుర్తుంటుంది.

మోదుగతో మొదలుపెట్టండి, అందరికీ ఎక్కడైనా దొరుకుతుంది. తాజాగా రాలింది ఒకటి అరచేతిలో పెట్టుకోండి. మొదట్లో నల్లటి గోధుమ రంగు గిన్నె, వేలితో రాస్తే మఖమల్ గుడ్డలా ఉంటుంది. దాంట్లోంచి ఐదు నారింజ రేకులు. ఒకటి వెడల్పుగా వెనక్కి విచ్చుకుని ఉంటుంది, రెండు పక్కల రెండు, ముందున్న రెండూ అతుక్కుని చిలుక ముక్కులా వంగి ఉంటాయి. సంస్కృతంలో దీన్ని కింశుకం అన్నారు, 'ఇదేమైనా చిలుకా?' అని. ఆ ముక్కును గోటితో మెల్లగా విప్పితే లోపల పది కేసరాలు: తొమ్మిది ఒక కట్టగా, ఒకటి విడిగా. ఇప్పుడు వాసన చూడండి. ఏమీ రాదు. పిట్టల కోసం పూసే పువ్వుకు వాసనతో పనిలేదు, రంగు చాలు. పిట్ట తేనె కోసం ముక్కు లోపలికి పెడితే ఆ కేసరాలు బయటికి వచ్చి పుప్పొడిని దానికి అంటిస్తాయి. ఇదంతా అరచేతిలో చూశాక తలెత్తి కొమ్మ మీద చూడండి, గోరువంక ఏం చేస్తోందో వెంటనే అర్థమవుతుంది. ఆకులు మాత్రం ఇప్పుడు వెతకొద్దు. విస్తర్లు కుట్టే ఆ మూడేసి ఆకులు పూత అయ్యాకే చిగురిస్తాయి.

బూరుగను చెవితోనే పట్టుకోవచ్చు. పువ్వు ధబ్బుమని పడుతుంది, అంత బరువు. దళసరిగా, తోలులా ఉండే ఐదు ఎర్ర రేకులు, మధ్యలో కేసరాల గుత్తులు. లేత మానుకు మొనదేలిన ముళ్లుంటాయి, ఆనుకోకండి. బూరుగ మీద కొండముచ్చులు కనిపిస్తే అక్కడే చప్పుడు చేయకుండా నిలబడండి. అవి సగం తిని సగం పారేస్తాయి. ఆ పారేసిన వాటి కోసం కింద దుప్పులు చేరతాయి. నేను చూసిన వాటిలో మరిచిపోలేనిది అదే. ఆడ దుప్పి ఒకటి, నోటి నిండా ఎర్ర పువ్వు పెట్టుకుని, మమ్మల్ని చూసి నమలడం ఆపేసింది. అది కదల్లేదు, మేమూ కదల్లేదు. పైన కొండముచ్చు ఇంకో పువ్వు పడేసింది. దుప్పి మళ్లీ నమలడం మొదలుపెట్టింది.

కొండగోగు రాళ్ల గుట్టల మీద ఉంటుంది. ఒక్క ఆకు లేని బూడిద రంగు కొమ్మల చివర, అరచేతి వెడల్పున పసుపు పూలు. దూరం నుంచి చూస్తే ఎవరో కాగితం పూలు కట్టినట్టు ఉంటుంది. దగ్గర్లోనే తెల్లగా, నున్నగా మెరిసే మాను కనిపిస్తే అది తబసి. దాని పువ్వు చిన్నది, చూడకపోయినా ఫర్వాలేదు. మానును మాత్రం చూడండి. వెన్నెల్లో దీన్ని చూసి భయపడనివాడు లేడని మా గైడ్ నవ్వుతూ చెప్పాడు. తబసి బంక, తేనె లాంటివి గిరిజనుల దగ్గర కొనడానికే గిరిజన సహకార సంస్థ 1956లో మొదలైంది. తబసి కాయను మాత్రం ముట్టుకోకండి, ఎర్రగా ముచ్చటగానే ఉంటుంది కానీ దాని నూగు చేతికి గుచ్చుకుంటుంది.

ఊడుగను ముక్కుతో వెతకాలి. గాలి తిరిగినప్పుడు మల్లెకూ నిమ్మకూ మధ్యలో ఉండే వాసనొకటి వస్తే ఆగండి. సన్నటి తెల్ల రేకులు వెనక్కి చుట్టుకుని, కేసరాలు కుచ్చులా బయటికి వచ్చి ఉంటాయి. చెట్టు కింద తెల్ల దారాలు చల్లినట్టు ఉంటుంది. వాగు పక్కన నేల మీద పేలాలు పోసినట్టు, కొద్దిగా ఊదా రంగు కలిసిన తెల్లని చిన్న పూలు కనిపిస్తే కానుగ. ఊళ్లో రోడ్డు పక్కన రోజూ తొక్కుకుంటూ వెళ్లేదే, అడవిలో మాత్రం కెమెరాలు తీస్తాం.

ఇప్ప గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆరున్నరకు చెట్టు కిందికి చేరేసరికి నేలంతా లేత మీగడ రంగు పూసల్లా పరుచుకుని ఉంటాయి. ఒకటి వేళ్ల మధ్య పట్టుకోండి. పువ్వులా ఉండదు, చిన్న ద్రాక్షపండులా మెత్తగా, రసంతో ఉంటుంది. పైన చిన్న రంధ్రం, లోపలి గోడకు కేసరాలు అంటుకుని ఉంటాయి. రాలింది రేకుల గిన్నె మాత్రమే. కాయ కావాల్సిన భాగం కొమ్మ మీదే, తుప్పు రంగు నూగున్న తొడుగులో ఉండిపోతుంది. అందుకే గిరిజన ఆడవాళ్లు రాలిన పూలన్నీ ఏరుకున్నా చెట్టుకు కాయ తగ్గదు. ఆ కాయల గింజల నుంచి ఎండాకాలం చివర్లో నూనె తీస్తారు. రాత్రిపూట ఈ పూల కోసం గబ్బిలాలు వస్తాయి, పుప్పొడి మోసేది అవే. వాసన మాత్రం అందరికీ నచ్చదు. నా స్నేహితుడు పులిసిన బెల్లం వాసన అన్నాడు, నాకైతే పాత ఇంటి ధాన్యపు గాదె గుర్తుకొచ్చింది.

చెట్టు కింద ఎవరైనా పూలు ఏరుకుంటుంటే దూరంగా ఉండండి, అడగకుండా ఫోటో తీయకండి. వాళ్లకది పొద్దున్నే చేసుకునే పని. మా పొలంలో వరి కోస్తుంటే ఎవరో దిగి ఫోటోలు తీస్తే నేనూ విసుక్కుంటాను.

7. జాగ్రత్తలు

సెంటు వద్దన్నాను కదా. పూల కాలమంటే పెద్ద తేనెటీగల కాలం. కొండ చరియలకు, ఎత్తు చెట్లకు బారెడు పట్లు వేలాడుతుంటాయి. ఘాటు వాసనలు, పొగ, రాయి విసరడం, ఈ మూడూ వాటికి గిట్టవు. చెంచులు కొండ తేనెకు తాడు కట్టుకుని దిగేటప్పుడు పైన ఆ తాడు పట్టుకునేది బావమరిది అని చెప్తారు. అక్క పసుపుకుంకాల మీద అంత శ్రద్ధ ఇంకెవరికుంటుందని వాళ్ల లెక్క.

దూలగొండి గురించి నాకు స్వానుభవం ఉంది. పొదల మీద పాకే తీగకు ఎండిన కాయలు, పైన మెరిసే బంగారు నూగు. ఫోటో బాగా వస్తుందని చేత్తో పక్కకు జరిపాను. రెండు నిమిషాలకు చెయ్యి, అదే చేత్తో తుడుచుకున్నందుకు మెడ, మండిపోయాయి. గోకితే నూగు ఇంకా లోపలికి దిగుతుంది. అంటుకునే టేపుతో నూగు లాగేసి, తర్వాత నీళ్లతో కడగాలి. ఆ రోజు మా దగ్గర టేపు లేదు. ఇప్పుడు సంచిలో ఎప్పుడూ ఉంటుంది.

పాములకు, ముళ్లకు ఒకటే మందు, దారి తప్పకపోవడం. ఎలుగుబంటి దూరంగా కనిపిస్తే పరుగెత్తకండి, అందరూ దగ్గరగా చేరి, గైడ్ చెప్పినట్టు మెల్లగా వెనక్కి జరగండి. నడక అయ్యాక సాక్సులు, ప్యాంటు మడతలు చూసుకోండి, పిడుదులు పట్టి ఉంటాయి.

నిప్పు మాట వేరే చెప్పాలి. ఈ రోజుల్లో అడవి నేలంతా ఎండుటాకు. అగ్గిపెట్టె, లైటర్, సిగరెట్ కారులోనే వదిలేయండి. దారి మధ్యలో ఆకులు ఊడ్చేసి, గడ్డి తీసేసిన వెడల్పాటి చారలు కనిపిస్తాయి, వాటిని ఫైర్ లైన్లు అంటారు. మంట ఒక వైపు నుంచి మరో వైపుకు పాకకుండా ఎండలు రాకముందే తీస్తారు. నడవడానికి హాయిగా ఉంటాయి, పూలూ బాగా కనిపిస్తాయి.

8. తెంపొద్దు, తెచ్చుకోవద్దు

అభయారణ్యంలో అనుమతి లేకుండా ఏ అటవీ ఉత్పత్తిని తీసుకున్నా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, కొమ్మ మీది పువ్వు తెంపితే పిట్టకు తేనె పోయింది, చెట్టుకు కాయ పోయింది. రాలిన పువ్వును చూసి అక్కడే వదిలేస్తే దుప్పికి తిండి. హోలీ రంగుకు మోదుగ పూలు కావాలంటే పొలం గట్ల మీది చెట్టు కింద, రైతును అడిగి ఏరుకోండి. అడవిలోవి వద్దు.

పిల్లల జేబులు మాత్రం ఒకసారి చూసుకోండి. మా అమ్మాయి జేబులోంచి బూరుగ పువ్వు బయటపడింది చెక్‌పోస్టులో, గార్డు ముందే. ఆయన నవ్వి ఊరుకున్నాడు కానీ నాకు మాత్రం కాసేపు టెన్షన్.

9. వచ్చాక

నడక అయిన రోజే, మధ్యాహ్నం అన్నం తిన్నాక నిద్ర ముంచుకురాకముందే రాసుకోండి. తేదీ, చోటు, ఏ చెట్టు ఏ దశలో ఉంది: మొగ్గా, నిండు పూతా, రాలడమా, కాయా. ఐనాచురలిస్ట్ యాప్‌లో ఫోటో పెడితే పేరు తేల్చడానికి నలుగురు సాయం చేస్తారు. మీ వీధిలోని చెట్టును ఏడాది పొడవునా గమనించాలని ఉంటే సీజన్‌వాచ్ అనే ప్రాజెక్టు ఉంది, ఆకు, పువ్వు, కాయ వివరాలు వారం వారం నమోదు చేయొచ్చు.

గైడ్‌కు టికెట్ డబ్బుతో సంబంధం లేకుండా చేతికి కొంత ఇవ్వండి. తేనె కొనాలనుకుంటే దారి పక్కన సీసాల్లో అమ్మేది కాకుండా గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి. మీరు తీసిన ఫోటోల్లో నాలుగు బాగున్నవి ప్రింట్ వేయించి, మళ్లీ వెళ్లినప్పుడు ఆయనకివ్వండి. నేను ఆ బూరుగ కింది దుప్పి ఫోటో ఇచ్చాను. పెద్దాయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "చెట్టు సగమే పడ్డది సారూ" అన్నాడు.

మళ్లీ వెళ్తే అదే దారిన, అదే చెట్ల దగ్గరికి వెళ్లండి. ఏప్రిల్ చివర్లో ఆ బూరుగ కాయలు పగిలి దూది గాల్లో తేలుతుంటుంది. మోదుగ పచ్చగా చిగురించి అసలు గుర్తుపట్టలేనట్టు ఉంటుంది. రేల నిండు పూత చూడాలంటే మాత్రం మేలో రావాలి. అప్పుడు పొద్దున ఎనిమిదింటికల్లా నడక ముగించేయండి, నీళ్లు రెండు కాదు, మూడు లీటర్లు పెట్టుకోండి.